సామి కాలి బొటనవేలు

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే నేను ఒక కోతి కాళ్ళు తీసి చేతులకూ, చేతులు తీసి కాళ్ళకూ తగిలించాను. కోతి ఏమీ అనలేదు. అది చచ్చి అప్పటికే చాలా ఏళ్ళయింది, మా గాజు బీరువాలో ఉన్నది దాని అస్థిపంజరం. మూడు బ్యాచ్‌ల పిల్లలు దాన్ని చూసి రికార్డుల్లో బొమ్మలు దించారు. లెక్చరర్లు వాటికింద సంతకాలు పెట్టారు. నాలుగో ఏడు ప్రాక్టికల్స్‌కి వచ్చిన ఎగ్జామినరు బీరువా ముందు నిలబడి, ఈ కోతి చేతులమీద నడుస్తుందా అని అడిగేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. ఆ రోజు నుంచి కాలేజీలో నా పేరు బ్రహ్మ. ఆయన తలరాతతో సరిపెట్టాడు, నేను కాళ్ళూ చేతులూ కూడా మార్చేశాను.

కాలేజీ వార్షిక సంచికకు ఏదైనా రాసివ్వమని మొన్న ఇద్దరు విద్యార్థులు మా ఇంటికి వచ్చారు. జువాలజీ ల్యాబ్ అటెండరుగా రిటైరైనవాడు ఏం రాస్తాడు, బీకర్లు కడిగానని రాస్తాడు అన్న మాట ఒకడి ముఖంలో స్పష్టంగా కనిపించింది. బీకర్లు కెమిస్ట్రీ అటెండరు కడుగుతాడు నాయనా. నేను కడిగినవి ఎముకలు. మీరందరూ మార్కులకోసం చదివిన ఎముకలను నేను సోడా వేసి ఉడకబెట్టాను, బ్రష్షుతో తోమాను, డాబామీద ఎండబెట్టి కాకులు ఎత్తుకుపోకుండా కాపలా కాశాను. కాబట్టి రాసే హక్కు నాకుంది. అచ్చుతప్పులుంటే దిద్దుకోండి, విషయం మాత్రం దిద్దకండి.

మాది బాపులపాడు పక్క పల్లె. ఏడో తరగతి తరవాత బడికీ నాకూ పడలేదు. హనుమాన్ జంక్షన్‌లో ఒక హోటల్లో లారీ డ్రైవర్లకు టీలు అందించి గ్లాసులు కడిగేవాణ్ణి. మా కాలేజీ జువాలజీ పెద్ద సార్ విజయవాడ వెళ్తూ అక్కడ బస్సు మారేవారు. అన్ని గ్లాసులు కడుగుతూ ఒక్కటీ పగలగొట్టకపోవడం చూసి, ల్యాబులో అటెండరు ఖాళీ ఉంది, వస్తావా అని అడిగారు. నా అర్హత అదే. గాజు పగలగొట్టను.

కోతి సంగతి ఎలా జరిగిందంటే, బీరువా చెక్క చెదలు తినేసి ఒకరోజు కూలిపోయింది. కోతి నేలమీద ఎముకల కుప్ప అయింది. తీగ పెట్టి మళ్ళీ కట్టమన్నారు. రెండు రకాల పంజాలున్నాయి. ఒకదానికి బొటనవేలు చిన్నది, ఉందా అంటే ఉంది. రెండోదానికి వేళ్ళు పొడుగు, బొటనవేలు దృఢంగా, మిగతా వేళ్ళకు ఎడంగా, దేన్నైనా పట్టుకోవడానికి సిద్ధంగా ఉంది. ఇంత మంచి బొటనవేలున్నది చెయ్యే అవుతుంది కాని కాలెలా అవుతుందని నా ఏడో తరగతి బుర్ర తీర్పు చెప్పింది.

ఎగ్జామినరు వెళ్ళాక ఉద్యోగం పోయిందనుకున్నాను. పెద్ద సార్ నన్ను పిలిచి స్టూలుమీద కూర్చోబెట్టారు. "నువ్వు చేసింది సగం తప్పేరా. కోతికి కాలు కూడా చెయ్యే. మనకే అది లేకుండా పోయింది" అన్నారు. మిగతా సగానికి శిక్ష వేశారు. ప్రతి శనివారం భోజనాలయ్యాక కోతిని విప్పాలి, కళ్ళకు తువ్వాలు కట్టుకుని మళ్ళీ కట్టాలి. ఏడాదిపాటు. వేళ్ళతో చూడటం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, తువ్వాలు కింద ఏడుపు కనిపించదు కదా.

ఇక అసలు సంగతి. నా రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. పెద్ద సార్ అప్పటికి లేరు. ఆయన స్థానంలో ఉన్న సార్ ఆయనకంటే ఎక్కువ చదువుకున్నారు, ఎవరినీ నొప్పించరు, ధైర్యాన్ని మాత్రం పొదుపుగా వాడేవారు. మామిడికాయల సీజను అయిపోయి తొలకరి పడిన రోజులు. ఒక ఉదయం సార్‌కి ఫోనొచ్చింది. చేసింది ఒక ఎస్.ఐ., ఒకప్పుడు సార్ దగ్గర చదువుకున్నవాడే. చాట్రాయి వైపు ఒక మామిడితోటలో డ్రిప్పు పైపులకోసం జేసీబీతో కాలవ తీస్తుంటే ఎముకలు బయటపడ్డాయట. చిన్న చిన్న ఎముకలు. చుట్టూ ఎర్రచీర ముక్క. పక్కన మట్టి ప్రమిద. తల లేదు.

ఇంకేం కావాలి మనవాళ్ళకి? జేసీబీ ఇంజను చల్లారకముందే పసిపిల్లవాణ్ణి బలిచ్చారనీ, ఆ తోటలో గుప్తనిధులున్నాయనీ ఫోన్లలో వార్త చుట్టుపక్కల ఊళ్ళన్నీ చుట్టొచ్చింది. ఫొటో చూసిన ఆసుపత్రి డాక్టరు, రెండు మూడేళ్ళ బిడ్డ ఎముకల్లా ఉన్నాయి, ల్యాబుకి పంపండి అన్నాడు. ల్యాబు జవాబు ఎప్పటికి వస్తుందో దేవుడికి తెలియాలి. అన్నిటికంటే పెద్ద విషయం, తోటలో ఒంటరిగా ఉండే కాపలా ఆవిడ నేనే పాతిపెట్టానని ఒప్పేసుకుంది. సాయంత్రంలోగా కోర్టులో పెట్టాలి. ఎందుకైనా మంచిది, ఒకసారి వచ్చి చూడండి సార్ అని ఎస్.ఐ. అడిగాడు.

సార్ ఎముకలమీద పేపర్లు రాశారు కాని ఎముకను చేత్తో పట్టుకోవడం ఇష్టపడరు. అందుకని నన్ను రమ్మన్నారు. నేను ల్యాబులోంచి మనిషి చెయ్యి ఒకటి, మన కోతిగారి కాలు ఒకటి తీసి, చిన్న రసాలు అని అచ్చేసిన ఖాళీ అట్టపెట్టెలో గడ్డివేసి సర్దాను. అవెందుకయ్యా అన్నారు సార్. చుట్టాలను చూడబోతూ ఖాళీ చేతులతో ఎలా వెళ్తాం సార్ అన్నాను.

స్టేషను బయట వందమంది ఉన్నారు. లోపల వరండాలో గోడకి ఆనుకుని ఆవిడ కూర్చుని ఉంది. నా వయసే ఉంటుంది. ఒక కాలికే చెప్పుంది. రెండోది తోట నుంచి లాక్కొచ్చేటప్పుడు ఎక్కడో పోయిందట. ఆవిడ ఏడవడం లేదు. ఏడుపు అయిపోయినవాళ్ళు కూర్చున్నట్టు కూర్చుంది.

హెడ్ కానిస్టేబులు ఆవిడ చెప్పింది కాగితంమీద రాసి వేలిముద్ర వేయించాడు. మాకు చదివి వినిపించాడు. సామి రోజూ తోటకొచ్చేవాడు. నా చేతి ముద్ద తినేవాడు. రెండేళ్ళ కిందట ఎండాకాలం, మధ్యాహ్నం, కంచె కరెంటు తీగ పట్టుకుని చచ్చిపోయాడు. నేనే పాతిపెట్టాను. దీపం పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. తప్పు నాదే.

ఈ సామి అనే పిల్లవాడు ఎవరి బిడ్డో కనుక్కురమ్మని ఇద్దరు కానిస్టేబుళ్ళను ఊళ్ళమీదికి పంపారు. సామి అనే పేరున్నవాళ్ళు ఇద్దరు దొరికారు. ఇద్దరూ బతికే ఉన్నారు. ఒకడు బయట గుంపులో నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు.

ఎముకలను బల్లమీద పాత పేపరు పరిచి పెట్టారు. ఎర్రమట్టి పట్టి ఉన్నాయి. నేనొప్పుకుంటాను, మొదటి చూపులో నేనూ పసిబిడ్డదే అనుకున్నాను. చిన్న చిన్న వేళ్ళు వరసగా, పసివాడు దేనికో చెయ్యి చాపినట్టున్నాయి. అప్పుడు కళ్ళు మూసుకున్నాను. ఎస్.ఐ. నేను ప్రార్థన చేస్తున్నాననుకున్నాడట. నేను ఆ పంజాను వేళ్ళతో తడుముతున్నాను. మడమ ఎముక తగిలింది. చేతికి మడమ ఉండదు. బొటనవేలు ఎడంగా తిరిగి ఉంది. ఏడాదిపాటు శనివారం శనివారం నా వేళ్ళకు తగిలిన బొటనవేలు.

సార్ అప్పటికే ఇంగ్లీషులో మొదలుపెట్టారు. ఖచ్చితంగా చెప్పలేం, పుర్రె లేదు కాబట్టి, ల్యాబు రిపోర్టు వచ్చాక అని. నేను ఆయన చొక్కా పట్టుకు లాగి, కోతిది సార్ అన్నాను. ఆయన నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఇది పోలీసు కేసు, డాక్టరు ఒక మాట అన్నాక మనం ఇంకొకటి అంటే రేపు కోర్టులచుట్టూ తిరగాలి, మనకెందుకయ్యా అని మెల్లగా చెప్పారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కాని కిటికీలోంచి ఆ ఒంటి చెప్పు కనిపిస్తోంది. నేను వెనక్కి వచ్చి, బల్ల ముందు నిలబడి, గది అంతా వినబడేలా ఇది మనిషిది కాదు, కోతిది అన్నాను.

ఎస్.ఐ. నన్ను పైకీ కిందికీ చూశాడు. "నువ్వేం చదువుకున్నావయ్యా?"

"ఏడో తరగతి సార్."

"డాక్టరు గారు పసిపిల్లవాడిది అంటున్నారు."

"డాక్టరు గారు ఫోన్లో ఫొటో చూశారు సార్. నేను ఈ కాలిని ఏడాదిపాటు కళ్ళకు గుడ్డ కట్టుకుని చూశాను."

అతనికి కోపం రావాలో నవ్వు రావాలో తేలేలోపు నేను చెప్పు విప్పి నా కాలు కుర్చీమీద పెట్టాను. పోలీసు స్టేషన్లో కుర్చీమీద కాలు పెట్టినవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే. నా బొటనవేలు చూడండి, మిగతా నాలుగింటితో బడిపిల్లల్లా వరసలో నిలబడింది అన్నాను. తరవాత అట్టపెట్టె విప్పి మన కోతి కాలు తీసి, బల్లమీదున్న దాని పక్కన పెట్టాను. రెండిటికీ బొటనవేళ్ళు ఒకేలా పక్కకి తిరిగి ఉన్నాయి. బొటనవేలికీ పక్క వేలికీ సందులో హెడ్ కానిస్టేబులు పెన్ను పెడితే ఇమిడిపోయింది. నా కాలి సందులో పెడితే కిందపడింది.

తరవాత తొడ ఎముక చేతికి తీసుకున్నాను. లేత జీవి ఎముకలను ఉడకబెడితే కొసలు టోపీల్లా ఊడి గిన్నె అడుక్కి చేరతాయి. పెరిగే వయసులో కొస ఇంకా అతుక్కోదు. మనిషి బిడ్డకైనా అంతే, మేకపిల్లకైనా అంతే. ముదిరాక ఎంత ఉడికించినా ఊడదు. ఈ ఎముక పొడుగు చూస్తే రెండేళ్ళ బిడ్డది. కొస చూస్తే గట్టిగా అతుక్కుపోయి ఉంది. రెండేళ్ళకే ముసలివాడైన బిడ్డ ఎవరైనా ఉంటే చెప్పండి, నేను నోరు మూసుకుంటాను అన్నాను. మనిషి తుంటి గిన్నెలా ఉంటుందనీ, ఇది తెడ్డులా ఉందనీ కూడా చెప్పాను. సార్ తల ఊపారు. ఊపడం ఎస్.ఐ. చూశాడు.

ఎస్.ఐ. చెడ్డవాడు కాడు. బయట వందమంది, లోపల వేలిముద్ర వేసిన కాగితం, మధ్యలో అతను. "కోతంటున్నావు. తల లేదు, సరే, జేసీబీ కొట్టేసింది. తోక ఏది? తోక చూపించు, ఆవిణ్ణి వదిలేస్తాను. చూపించలేకపోతే కేసు తప్పుదారి పట్టించావని నీ పేరు కూడా రాయాల్సి వస్తుంది" అన్నాడు.

రాసుకోండి సార్, స్పెల్లింగు నేను చెప్తాను అన్నాను.

తోకకి పాతికదాకా ఎముకలుంటాయి. అన్నీ ఒకేసారి మాయం కావు. వరండాలోకి వెళ్ళి ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాను. అప్పుడు వెలిగింది నాకు. పొద్దుటినుంచి ఆవిడ ఏ మాట అంటోందో, వీళ్ళు ఏ మాట వింటున్నారో. తన చేత్తో చీర చుట్టి పాతిపెట్టినదాన్ని ఆవిడ కోతి అనదు. ఆ మాట నోట రాదు. వాళ్ళమ్మ పేరేమిటని అడిగి ఉంటే అంజనాదేవి అని చెప్పేది, వీళ్ళు అంజనాదేవి కోసం కూడా జీపు పంపేవాళ్ళు. తోట కంచె తీగ తగిలి సామి పోయాడు, తన కాపలాలో పోయాడు, ఆ పాపానికే పోలీసులు వచ్చారని ఆవిడ అనుకుంటోంది. అందుకే తప్పు నాదే అంది.

"సామి తోక ఎటు పెట్టావమ్మా?" అన్నాను.

వెనక హెడ్ కానిస్టేబులు చేతిలో కాగితం చప్పుడు ఆగిపోయింది. ఆవిడ నన్ను వింతగా చూసింది, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

"తల మీదుగా ఒంచి పెట్టానండీ. సామికి అట్టాగే కదండీ ఉండేది."

గుళ్ళో విగ్రహానికి ఉన్నట్టు. తలా తోకా ఒకేచోట. జేసీబీ బకెట్టు ఒక్కసారి దిగి రెండిటినీ కలిపి ఎత్తుకుపోయింది.

జీపులో తోటకి వెళ్ళాం. గుంపు బళ్ళమీద మా వెనకే. ఆ చోట తీసిన మట్టిని మోటారు షెడ్డు పక్కన గుంటలో పోశానని జేసీబీ డ్రైవరు చూపించాడు. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఎర్రమట్టి కాళ్ళకు అంటుకుని లేవనివ్వడం లేదు. నేను మోకాళ్ళమీద కూర్చుని మట్టి పిసికి చూస్తున్నాను. గంట గడిచింది. బంగినపల్లి టెంకలు దొరికాయి, గుట్కా పొట్లాలు దొరికాయి, పైపు ముక్క దొరికింది. గుంపులో ఎవడో, అటెండరు గారికి జీతం పెంచండి అన్నాడు. ఎస్.ఐ. గడియారం చూసుకుంటున్నాడు.

అప్పుడు పక్కన ఎవరో కూర్చున్నారు. చూస్తే సార్. తెల్ల ప్యాంటు. చేతులకి గ్లౌజులు కూడా లేవు. మట్టిలో చేతులు పెట్టారు.

తోక ఎముక మొదట దొరికింది ఆయనకే. చిటికెన వేలి కణుపంత ఉంది, మధ్యలో నొక్కుకుపోయి పూసలా. ఆయన దాన్ని చినుకుల్లో కడిగి, పైకెత్తి, క్లాసులో వెనక బెంచీకి వినబడేటంత గట్టిగా, "ఇది తోక ఎముక. మనిషికి తోక ఉండదు. ఇక ఎవరికైనా సందేహం ఉందా?" అన్నారు. నేను ఆయన దగ్గర పనిచేసిన ఇన్నేళ్ళలో ఆయన గొంతు అంత గట్టిగా వినలేదు. తరవాత వరసగా తొమ్మిది దొరికాయి. పదోది వెతుకుతుంటే నా వేలికి గుచ్చుకుంది పై దవడ, కత్తిలాంటి కోరపన్నుతో సహా. రక్తం వచ్చింది. అంత సంతోషంగా రక్తం ఎప్పుడూ కార్చలేదు.

గుంపులో ఒకడు, అయితే నిధి లేదా అని అడిగాడు. లేదని తెలిశాక పదినిమిషాల్లో తోట ఖాళీ అయింది. ఆవిడ సంగతి ఏమైందని ఒక్కడూ అడగలేదు. స్టేషన్లో కాగితం మళ్ళీ రాశారు. సామి అనబడు కోతి అని హెడ్ కానిస్టేబులు రాయబోతే ఆవిడ వేలిముద్ర వేయనంది. చివరికి సామి అనబడు సామి అని రాశాడు. ప్రభుత్వ రికార్డుల్లో అంత సరైన వాక్యం ఇంకొకటి ఉండదని నా నమ్మకం.

పిల్లలూ, ఇప్పుడు మీకు కోతి కంప్యూటర్లో ఉంది. మౌసు తిప్పితే తిరుగుతుంది. మంచిదే, చెదలు పట్టదు. కాని దాన్ని తప్పుగా బిగించే అవకాశం మీకు లేదు. కాళ్ళూ చేతులూ ఒకసారైనా తారుమారు చేయకుండా మీరు ఎలా నేర్చుకుంటారో నాకు అర్థం కాదు. మనిషికీ కోతికీ తేడా ఏమిటని పరీక్షలో అడిగితే మెదడు బరువు అనీ ఇంకోటనీ రాయండి, మార్కులు వస్తాయి. నన్నడిగితే మాత్రం, నిటారుగా నిలబడటానికి మనం రెండు చేతులు వదులుకున్నాం. అంత ఖరీదుకి కొనుక్కున్న నిలబడటం కనక, అవసరమైన రోజున నిలబడండి. ఎవడైనా నువ్వేం చదువుకున్నావని అడిగితే, చదివినంతా చెప్పండి, తల దించకండి.

ఇంతవరకు రాసి ఆపేయాల్సింది. గొప్ప నాదే అయ్యేది. కాని తరవాత సంగతి కూడా రాయకపోతే ఎముకల్లో కొన్ని దాచినట్టవుతుంది.

ఎస్.ఐ. ఎముకలను ఆవిడకే ఇచ్చేశాడు. ఆ శనివారం నేను కొబ్బరికాయ తీసుకుని తోటకి వెళ్ళాను. ఈసారి ఆవిడ కాలవకి దూరంగా గొయ్యి తీసి, చీర ముక్క కొత్తది చుట్టి, తోక తలమీదుగా ఒంచి పెడుతోంది. ఎముకలను ఏ వరసలో పేర్చాలో నేను చూపించాను. చేస్తూ చేస్తూ నా సహజగుణం కొద్దీ గొప్పలు మొదలుపెట్టాను. డాక్టరు కాదన్నా, ఎస్.ఐ. బెదిరించినా, ఏడో తరగతివాడి మాట ఎలా నెగ్గిందో, ఆ కాలి బొటనవేలు నాకు తెలియకపోతే ఆవిడ ఈపాటికి ఎక్కడుండేదో చెప్పాను. ఒక నమస్కారమైనా వస్తుందని చూశాను.

ఆవిడ మట్టి సర్దుతూ తలెత్తలేదు.

"పొద్దున నేను చెప్పిందే కదండీ సాయంత్రం మీరు చెప్పింది" అంది. "మీరు ప్యాంటేసుకున్నారు, మీ మాట విన్నారు."